డిపో చిట్టాకెక్కని లాభం

గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగే పాత బాట మీద హయత్‌నగర్ ఒక మజిలీ. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరిట 17వ శతాబ్దంలో వెలిసిన ఈ ఊళ్లో మసీదు చుట్టూ గదులు తీర్చి సరాయి కట్టారు. బాటసారులూ బేహారులూ రాత్రికి అక్కడ తలదాచుకునేవారు. సరాయి ఒక్కదానికే జమాఖర్చులు రాస్తే అది నష్టాల కట్టడమే అయి ఉంటుంది. దాని ఫలితం వెతకాల్సింది రేవు సుంకాల్లోనూ నగరం బజారు ధరల్లోనూ. ఇవాళ అదే దిక్కుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతోంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదుగా హయత్‌నగర్ దాకా దుకాణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఇక్కడ కొట్టు పెట్టేవాడికి రోడ్డు, జనం, వాళ్ల చేతిలో నెలజీతం ముందే సిద్ధంగా ఉంటాయి. ఉప్పు పొట్లం మీద అచ్చయిన ధరను దాటి అమ్మబోతే కొనేవాడు పక్క కొట్టుకు పోతాడు. ఈ ఏర్పాట్లేవీ లేని చోట, వాగు పొంగితే వారాల తరబడి దారి మూసుకుపోయే చోట, కొనేవాడి చేతిలో డబ్బుకు బదులు చింతపండు బుట్ట ఉండే చోట కొట్టు నడిపితే దాని లాభనష్టాలు ఎలా లెక్క కట్టాలి? తెలుగు నేలలో ఈ ప్రశ్నకు దాదాపు 70 ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర పేరు గిరిజన సహకార సంస్థ.

విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఆంధ్ర షెడ్యూల్డు తెగల సహకార ఆర్థిక, అభివృద్ధి సంస్థగా మొదలై, తర్వాత గిరిజన సహకార సంస్థగా పేరు మార్చుకుని, జీసీసీగా జనం నోట నిలిచిన ఈ సంస్థను మన పత్రికలు రెండే రకాలుగా చూస్తూ వచ్చాయి. నష్టాలొచ్చిన ఏడు అది ప్రభుత్వం మోస్తున్న బరువు. తేనె, కాఫీ అమ్మకాలు పెరిగిన ఏడు అదొక విజయగాథ. రెండు చూపులూ సంస్థ ఆస్తి అప్పుల పట్టీ దగ్గరే ఆగిపోతాయి. ఈ కొట్టు సంపాదనలో ముఖ్యమైన భాగం దాని చిట్టాలో ఎన్నడూ పడలేదన్నది ఈ వ్యాసం వాదన. సంతలో పక్కన కూర్చున్న షావుకారు సంస్థ డిపో ధర చూసి తన ధర ఎంత పెంచాల్సి వచ్చిందో, ఉప్పు మీద తన లాభం ఎంత తగ్గించుకోవాల్సి వచ్చిందో, అదే ఆ సంపాదన. అది చేరింది సంస్థ ఖజానాకు కాదు, గిరిజనుల ఇళ్లకు. సంస్థ బాగుపడే దారులు వెతికేవాళ్లు ముందుగా ఈ లెక్కను గుర్తించాలి.

సంస్థ రాక ముందు మన్యంలో వ్యాపారం ఎలా సాగేదో చూస్తేనే ఈ మాటలో పస తెలుస్తుంది. కొండ మీద ఏటా రెండు రుతువులకు రెండు బతుకులు. ఎండాకాలంలో ఇప్పపువ్వు రాలుతుంది, చింతపండు దిగుతుంది, చెట్ల నుంచి బంక తీస్తారు. అంటే అమ్ముకునేందుకు సరుకు ఉంటుంది. వానలు పడ్డాక పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని ఆకలి నెలలు వస్తాయి. ఆ నెలల్లో మైదానం నుంచి వచ్చిన వ్యాపారి గింజలో బట్టో అప్పుగా ఇచ్చి, వచ్చే వేసవి సరుకును అప్పుడే రాయించుకునేవాడు. చెల్లింపు రోజున కొలమానం అతనిది, ధర అతనిది, అప్పు లెక్కా అతని చేతిరాతే. ఉప్పు కొండల్లో పుట్టదు కాబట్టి అతని దగ్గరకు వెళ్లక తప్పదు. 1879లో రంప ప్రాంతం భగ్గుమనడానికి మన్సబుదారు దోపిడీ, కల్లు మీద పన్ను ఎంత కారణమో, బాకీల పేరిట మైదాన వ్యాపారులు కోర్టుల నుంచి ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని కొండవాళ్ల పశువుల్ని తోలుకుపోవడమూ అంతే కారణం. ఆ సంగతి మద్రాసు ప్రభుత్వానికి అప్పుడే తెలిసింది. చట్టం రావడానికి మాత్రం 1917 దాకా పట్టింది. ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం వడ్డీని ఏడాదికి నూటికి 24 దగ్గర ఆపింది, ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి ఇతరుల చేతికి పోకూడదంది. వడ్డీకి కళ్లెం వేసిన ఆ చట్టం ధర జోలికి పోలేదు. వడ్డీ తగ్గించి రాసుకున్న వ్యాపారి ఆ తగ్గింపును చింతపండు ధరలో రాబట్టుకుంటే పట్టుకునే అధికారి ఎవరు? అప్పిచ్చేవాడు, సరుకు కొనేవాడు, ఉప్పు అమ్మేవాడు ఒకే మనిషి అయినప్పుడు మూడింటిలో ఒక్కదాన్ని కట్టడి చేసినా ప్రయోజనం ఉండదు.

గోదావరికి ఇవతల నిజాం రాజ్యంలోనూ కథ వేరుగా లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక ఆదిలాబాద్ గోండుల స్థితి తెలుసుకోవడానికి ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. అటు ఆదిలాబాద్‌లోనూ ఇటు గోదావరి ఒడ్డు కొండరెడ్ల ఊళ్లలోనూ భూమి, అడవితో పాటు అప్పుల లెక్కలు కూడా జనాన్ని ఎలా కట్టిపడేశాయో ఆయన రాతల్లో వివరంగా కనిపిస్తుంది. ఈ అనుభవాలన్నీ వెనకేసుకుని 1956లో పుట్టింది కాబట్టే జీసీసీ రూపం మామూలు సహకార పరపతి సంఘంలా లేదు. అడవి సరుకు కొనడం, రోజువారీ అవసరాలు అమ్మడం, వ్యవసాయానికి అప్పివ్వడం మూడూ ఒకే కప్పు కిందకు తెచ్చారు. కింద ప్రాథమిక గిరిజన సహకార మార్కెటింగ్ సంఘాలు, వాటి కింద ఊళ్లకు దగ్గరగా రోజువారీ అవసరాల దుకాణాలు, అంటే డీఆర్ డిపోలు. షావుకారు చేతిలో కలిసి ఉన్న మూడు పనుల్నీ షావుకారు లేకుండా కలిపి చేయడమే దీని వెనకున్న ఆలోచన. గిరిజన ప్రాంతాలకు ఇలాంటి బహుళార్థక సంఘాలే కావాలని కేంద్రం వేసిన బావా కమిటీ దేశమంతటికీ చెప్పింది 1970ల తొలినాళ్లలో. విశాఖలో ఆ పని అప్పటికే ఒకటిన్నర దశాబ్దంగా నడుస్తోంది.

ఒకే బల్ల మీద కొనడమూ అమ్మడమూ జరిగే ఈ పద్ధతికి ప్రపంచంలో పేరున్న పూర్వరూపం కెనడా ఉత్తరాన ఉంది. 1670లో రాజపత్రం పొందిన హడ్సన్స్ బే కంపెనీ మంచు ప్రాంతాల్లో గిడ్డంగులు పెట్టి, ఆదివాసుల నుంచి బీవర్ తోళ్లు కొని, వాళ్లకు దుప్పట్లు, కత్తులు, తుపాకులు అమ్మింది. ధరలు నాణేలలో కాక తోళ్లలో లెక్కగట్టేవారు. శీతాకాలం వేటకు ముందు సరుకు అప్పివ్వడం, వసంతంలో తోళ్లతో వసూలు చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. అప్పిచ్చే రుతువు, వసూలు చేసే రుతువు వేరయినా మన షావుకారు పద్ధతికీ దీనికీ పోలిక స్పష్టం. తేడా ఒక్కటే: హడ్సన్స్ బే కంపెనీ ఒకేసారి వ్యాపారీ పాలకుడూ అయింది, జీసీసీ వ్యాపారికి పోటీగా పాలకులు పెట్టినది. ఒకటి వాటాదార్ల లాభం కోసం మంచు ప్రాంతాలకు పోయింది. రెండోది వేరేవాళ్ల లాభం తగ్గించడానికి కొండకు పోయింది. రెండింటినీ ఒకే గజంతో కొలవడం కుదరదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురవుతుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. సంస్థ పుట్టిన పదేళ్లకే శ్రీకాకుళం కొండలు ఎందుకు రగిలాయి? 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర జరిగిన కాల్పుల తర్వాత వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నాయకత్వాన సాయుధమైన ఆ పోరాటానికి భూములు పోవడంతో పాటు షావుకార్ల అప్పులు, తప్పుడు కొలతలూ నేరుగా కారణాలు. డిపోలు ఉన్నా షావుకారు కదలలేదన్న మాట. అయితే ఈ సాక్ష్యం సంస్థ అనవసరమని చెప్పడం లేదు, సంస్థ ఉనికికీ అందుబాటుకీ తేడా ఉందని చెబుతోంది. వానాకాలంలో ఇంట్లో గింజ లేనివాడికి కావలసింది ఆ పూట అప్పు. డిపోలో అప్పు దొరకడానికి కాగితాలు కావాలి, సభ్యత్వం కావాలి, గుమస్తా ఊళ్లో ఉండాలి. షావుకారు అర్ధరాత్రి తలుపు తీస్తాడు. ధరలో పోటీ ఇచ్చిన సంస్థ తిండి అప్పులో పోటీ ఇవ్వలేకపోయింది. మూడు ముడుల్లో ఒకటి విప్పకుండా వదిలేస్తే మిగతా రెండూ మళ్లీ బిగుసుకుంటాయన్న 1917 నాటి పాఠమే మరోసారి రుజువైంది. ఆ మంట చూశాకే 1970లో భూబదిలీ నిబంధన కట్టుదిట్టమైంది, గిరిజనాభివృద్ధికి ప్రత్యేక సంస్థలు, ఆ దశాబ్దంలోనే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) వచ్చాయి. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం మన్యంలో డిపోల ద్వారానే చేరింది. ఆకలి నెలల అప్పును చాలా మేరకు తగ్గించినది ఆ బియ్యమే. వానలకు ముందే నెలలకు సరిపడా సరుకు లోపలి డిపోలకు చేరవేసే అలవాటును ఏ పద్దు కింద రాసినా, దాని వల్ల షావుకారు చేతి నుంచి జారిపోయినది అతని అసలు పెట్టుబడి, అంటే జనం ఆకలి.

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. 1979 నాటి నిబంధన షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న అటవీ ఉత్పత్తులు కొనే హక్కును జీసీసీకే గుత్తగా ఇచ్చింది. బీడీ ఆకు మాత్రం 1971 చట్టం కింద అటవీశాఖ చేతిలోనే ఉండిపోయింది. ప్రైవేటు వ్యాపారి గుత్తాధిపత్యం పోగొట్టి సర్కారీ గుత్తాధిపత్యం తేవడంలో న్యాయమేమిటని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నలో బలముంది. గుత్త కొనుగోలుదారు ప్రకటించిన ధర కనీస ధరగా మొదలై, అతనికి పోటీ లేకపోతే గరిష్ఠ ధరగా మారుతుంది. సంస్థ చేతిలో సమయానికి డబ్బు లేకపోతే సరుకు చాటుగా అమ్ముకోవాల్సి వస్తుంది, చాటు బేరంలో ధర ఎప్పుడూ కొనేవాడిదే. కెనడాలోనూ ఇదే జరిగింది. హడ్సన్స్ బే కంపెనీ గుత్తను లెక్కచేయకుండా తోళ్లు కొన్న గియోం సేయర్ మీద 1849లో విచారణ జరిగి, నేరం రుజువైనా శిక్ష పడలేదు. వ్యాపారం స్వేచ్ఛ అయిందని జనం సంబరపడ్డారు, కంపెనీ ఆ పైన గుత్తను నిలబెట్టుకోలేకపోయింది. మన దగ్గర ఆ పని చట్టాలు చేశాయి. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభలదీ సేకరించేవాళ్లదీ అన్నాయి. కాబట్టి జీసీసీ విలువ గుత్తలో ఉందనేవాళ్ల వాదన నిలవదు. దాని విలువ వేరే చోట ఉంది: తూకం మోసం లేని, ధర ముందుగా చెప్పిన కొనుగోలుదారు ఒకడు ఊరికి నడిచివెళ్లే దూరంలో ఉండటంలో. గుత్త పోయినా ఆ విలువ పోదు, పైగా పోటీలోనే అది బాగా కనిపిస్తుంది.

తపసి బంక చరిత్ర దీనికి మంచి సాక్ష్యం. ఆహార పరిశ్రమ, మందుల తయారీ, కట్టుడు పళ్లను అతికించే పొడి లాంటి వాటికి విదేశాల్లో గిరాకీ ఉన్న ఈ బంకను పూర్వం గొడ్డలితో చెట్టుకు లోతుగా గంట్లు పెట్టి తీసేవారు. బెరడు, మట్టి కలిసిన నల్లబంకకు ధర రాదు, చెట్టు ఎండిపోతుంది. సంస్థ, దానితో కలిసి పనిచేసిన కోవెల్ ఫౌండేషన్ లాంటివి చిన్న గాటు పెట్టడం, గాటుకూ గాటుకూ వ్యవధి ఇవ్వడం, శుభ్రంగా ఆరబెట్టడం, రంగును బట్టి తరగతులు వేరు చేయడం నేర్పాయి. తరగతికో ధర ముందే చెప్పడం వల్ల సేకరించేవాడికి శుభ్రతలో లాభం కనిపించింది. షావుకారు వ్యవస్థలో తరగతులకు అర్థం లేదు, ఎందుకంటే బంక ఎంత తెల్లగా ఉన్నా బాకీ కిందే జమ. అయితే కొనుగోలుదారు ఉన్నంత మాత్రాన అడవి బాగుపడుతుందనుకోవడమూ తప్పే. అగరుబత్తి పిండిలో కలిపే నారమామిడి చెక్కకు గిరాకీ పెరిగిన చోట్ల చెట్టునే ఒలిచేశారు. బంకకు నేర్పిన ఓపిక చెక్కకు నేర్పలేకపోవడం ధర వల్ల వచ్చిన హాని. ధర చెప్పేవాడికి చెట్టు మీద బాధ్యత కూడా ఉండాలి, ఆ బాధ్యతకయ్యే ఖర్చును నష్టం పద్దులో రాయకూడదు.

ఇప్పుడు అసలు డబ్బు లెక్కకు వద్దాం. ఈ సంస్థ ఎదుగుదల పథకాన్ని కొన్ని దశాబ్దాల మీద చూస్తే ఒక సూత్రం కనిపిస్తుంది: కొండ మీద సేవ, కింద సంపాదన. తేనె శుద్ధి చేసి సీసాల్లో నింపి పట్టణాల్లో అమ్మడం, కుంకుడుకాయ, ఉసిరి, నన్నారి లాంటి వాటితో సరుకులు తయారుచేయడం, ఆశ్రమ పాఠశాలలకు, వసతి గృహాలకు సబ్బులు, దినుసులు సరఫరా చేయడం, ఏజెన్సీలో పెట్రోలు బంకులు నడపడం, గత దశాబ్దంలో అరకు, పాడేరు కాఫీ కొని మార్కెట్ చేయడం అన్నీ ఈ సూత్రం కిందివే. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు రావడం ఆ దారిని ఇంకా వెడల్పు చేసింది. సీసాలో పోసిన తేనె మీద వచ్చే లాభం లోపలి డిపోకు ఉప్పు మోసే లారీ బాడుగను ఎంతో కొంత భరిస్తుంది. అయినా ఈ సంస్థ ప్రభుత్వ హాస్టళ్ల సరఫరా, రేషన్ కమీషన్ లేకపోతే నిలవదని, దీన్ని వ్యాపారమనడం దండగని విమర్శకులంటారు. ప్రైవేటు దుకాణాలకు వదిలేయాలనీ అంటారు. దీనికి జవాబు మళ్లీ కెనడాలోనే ఉంది. అప్పుల్లో పడిన హడ్సన్స్ బే కంపెనీ 1987లో తన ఉత్తరాది దుకాణాల్ని అమ్మేసింది. కొన్నవాళ్లు 1990లో వాటికి నార్త్ వెస్ట్ కంపెనీ అన్న పాత పేరు పెట్టారు. విన్నిపెగ్ కేంద్రంగా, 1992లో అలాస్కా కమర్షియల్ కంపెనీని, 2017లో నార్త్ స్టార్ ఎయిర్ విమాన సంస్థను కలుపుకుని, ఇవాళ అది 200 కోట్ల కెనడియన్ డాలర్లకు మించిన వార్షిక అమ్మకాలతో వాటాదార్లకు క్రమంగా డివిడెండు ఇస్తోంది. మారుమూలలో లాభం రాదన్న మాటను అది అబద్ధం చేసింది. అయితే ఆ లాభం వెనక రెండు సంగతులున్నాయి. ఉత్తరాదిన తిండి ధరలు దక్షిణ నగరాల కన్నా చాలా ఎక్కువ, దాని మీద జనం గోడు ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. ఆ ధర తగ్గించడానికి 2011 నుంచి న్యూట్రిషన్ నార్త్ పథకం కింద కెనడా ప్రభుత్వం దుకాణదారులకు సరుకు బరువును బట్టి రాయితీ ఇస్తోంది. అంటే లాభాల ప్రైవేటు కంపెనీ నడిపినా దూరం ఖరీదును కట్టేది ఖజానా, కొనేవాళ్లూనే. దూరానికయ్యే ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందే. ఎవరు భరిస్తున్నారో బాహాటంగా రాస్తున్నారా లేదా అన్నదొక్కటే తేడా.

మిగిలింది కాలం మారిందన్న వాదన. రోడ్లు పడ్డాయి, ఫోన్లు వచ్చాయి, ఉట్నూరు, ఏటూరునాగారం, పాడేరుల్లో ఏ వస్తువైనా దొరుకుతోంది, ఇంకా డిపో ఎందుకు? సబ్బు, నూనె అమ్మే పనికి సంబంధించినంత వరకు ఈ మాటలో నిజముంది. పోటీ వచ్చిన చోట డిపో అమ్మకాల నుంచి తప్పుకున్నా నష్టం లేదు. కొనుగోలు సంగతి అలా కాదు. రోడ్డు సరుకు తెచ్చే లారీతో పాటు దళారినీ తెస్తుంది. కేంద్రం 2013-14లో చిన్న అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం ప్రకటించి, తర్వాత జాబితాను పెంచుతూ వచ్చింది. కాగితం మీది మద్దతు ధర చింతచెట్టు కింద కూర్చున్న మనిషికి చేరాలంటే ఆ ధరకు నిజంగా కొనే చెయ్యి ఒకటి ఉండాలి, తెలుగు నేల మీద ఆ చెయ్యి జీసీసీయే. 2014 విభజన ఈ చేతిని రెండు చేసింది. తెలంగాణ సంస్థ కార్యాలయం హైదరాబాద్‌కు వచ్చింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దాని సంతలకు సరుకు దింపే చింతూరు, కూనవరం వైపు కొండలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. అడవికి సరిహద్దు లేదు, వ్యాపారికీ లేదు, ధర ప్రకటించే సంస్థకు మాత్రం వచ్చింది. రెండు సంస్థలు ఒకే సరుకుకు వేర్వేరు ధరలు, వేర్వేరు రోజుల్లో ప్రకటిస్తే మధ్యలో లాభపడేది దళారి.

కాబట్టి ఈ సంస్థల ఎదుగుదల పథకం ఇప్పుడు రెండు చిట్టాలుగా విడిపోవాలి. తేనె, కాఫీ, సబ్బులు, పెట్రోలు ఒక చిట్టా. అందులో వ్యాపార నియమాలే చెల్లాలి, నష్టం వస్తే అది నిర్వాహకుల వైఫల్యమనే లెక్క. లోపలి డిపోల బాడుగ, ధర పడిపోయిన ఏడు సరుకు కొన్నందుకు వచ్చిన తేడా, చెట్టును కాపాడే శిక్షణ రెండో చిట్టా. ఆ సొమ్ము ఏటా శాసనసభ ఎదుట పేరు పెట్టి అడగాలి, ఇవ్వాలి. రెండూ కలిపి రాసినంత కాలం సీసా తేనె లాభం మన్యం డిపో అలసత్వాన్ని దాచిపెడుతుంది, మన్యం డిపో సేవ పట్టణం కౌంటరు దుబారాకు సాకవుతుంది. రెండో చిట్టా పనితనానికి కొలబద్ద అమ్మకాల మొత్తం కాదు, సేకరించిన టన్నులూ కాదు. డిపో ధర ప్రకటించిన వారం సంతలో ప్రైవేటు వ్యాపారి చింతపండుకు ఎంత ఇచ్చాడు, ప్రకటించని వారం ఎంత ఇచ్చాడు, ఆ తేడాయే కొలబద్ద. దాన్ని గ్రామసభలు రాసి పెట్టగలవు, అందుకు కావలసింది ఒక పుస్తకం, ఒక చదువుకున్న కుర్రాడు. ఆ తేడా సున్నాకు చేరి, ఏళ్ల తరబడి సున్నాగానే నిలిస్తే షావుకారు పాత బలం పోయిందని, డిపో పని పూర్తయిందని నమ్మవచ్చు. అప్పటిదాకా ఒక డిపో నష్టాల్లో ఉందన్న కారణంతో దాన్ని మూసేయాలని వచ్చే ప్రతి ఫైలుకూ ఆ సంత ధరల పుస్తకం జతపరచమని అడగాలి.